బన్నుల తర్వాతి కాక

రాత్రి తొమ్మిదిన్నరకి
ఆఖరి బన్నుల ట్రే బయటికొచ్చినాక
బట్టీలో కాక వెంటనే చావదు.
గ్రీమ్స్‌పేట వీధి నిద్రపోయినా
ఇటుకలు ఇంకో గంట మేలుకోనుంటాయి.
ముప్పై ఒక్క ఏండ్లు ఆ గంటని ఊరికే పోనిచ్చినాను.

ఈ పొద్దు దాంట్లోకి
నాలుగు ఆపిల్ పండ్లు పంపిస్తా ఉండాను.

సిమ్లా నుంచి లారీలో కుదుపులు తిని వచ్చినవి.
బండి తోసే గౌసియా
నలిగిన వైపు తనే చూపించి సగం ధర చెప్పింది.
"జ్యూసుకా అన్నా?" అనింది.
"మందుకి" అన్నాను.

చెంగమ్మకి మూడొందల పన్నెండు.
ఆస్పత్రి చీటీలో డాక్టరమ్మ రాసింది:
బేకరీ తిండి మానెయ్యాలి.
బేకరీవాడి పెండ్లానికి
ఆ మాట ఎట్లా చదివి వినిపించేది?
చదివినాను.
ఆమె నవ్వి, "నిన్ను కూడానా?" అనింది.

కేకుకి నాలుగంచులూ కోసి చదరం చేస్తాం గదా,
ఆ అంచులు ఆమెవి.
పుట్టినరోజులు ఊరివి, అంచులు ఆమెవి.
పేరు రాసిన నడుమ ముక్క
ఒక్కనాడూ ఆమె తట్టలోకి పోలేదు.

ఓట్సంటే ఆమెకి కోపం.
"గోడకి పోస్టర్లు అంటించే గంజి" అని
రెండో రోజే గిన్నె తోసేసింది.
తప్పు ఓట్సుది కాదు, నీళ్లది.
పొడి పెనం మీద వేయించితే
అవి కూడా కొత్త అటుకుల మాదిరి మాట్లాడతాయి.

శెనక్కాయలు కచ్చాపచ్చాగా దంచినాను.
డాల్డా డబ్బా అందేంత దూరంలోనే ఉండాది,
చెయ్యి అలవాటుగా పోయింది కూడా.
వెనక్కి తెచ్చి
రెండు చెంచాల వెన్న తీసినాను.
శొంఠి. పట్ట పొడి. గోటి మీద నిలిచేంత ఉప్పు.

బెల్లం దగ్గర ఆగినాను.
మా చిత్తూరు మండీ బెల్లం, నల్లది,
పట్టుకుంటే వేళ్లని వదలనిది.
"బెల్లమైతే ఏం కాదులే" అంటారు అందరూ.
చక్కెరకి బెల్లం తోడబుట్టిన అక్క,
చీర మార్చుకుంటే చుట్టరికం మారుతుందా?
ఉసిరికాయంత తీసి
సగం గిల్లి మళ్లీ డబ్బాలో వేసి
మిగిలిన సగం కలిపినాను,
అప్పిచ్చినట్టు.

తొక్క తియ్యలేదు.
నలిగినచోట మాత్రం చాకు మొనతో,
బిడ్డ కాల్లో ముల్లు తీసినట్టు.
ముక్కల మీద నిమ్మకాయ పిండి
పైన ఓట్సు అదమకుండా చల్లినాను.
అదిమితే రొట్టె,
వదిలేస్తే కరకర.

బట్టీ మూత వేసినాను.

ఎన్ని వేల గులాబీలు పూయించినాయో ఈ చేతులు
క్రీముతో, అద్దిన రంగుతో,
ఎవరెవరి పిల్లల పేర్లో అక్షరాల తప్పులతో.
ప్రతి గిన్నెలోనూ చిటికెన వేలు ముంచి
నాలిక మీద పెట్టుకుని
సరే అనుకున్నాకే అంగట్లోకి పంపించేవాణ్ణి.

నలభై నిమిషాలు.
ముందు పట్ట వాసన వచ్చింది,
ఆ వెనకే వెన్న.
చివర్న, చాలా చివర్న
ఆపిల్ లోపల దాచుకున్న తీపి
తనే బయటికొచ్చి
ట్రే అంచున బుడగలు కట్టింది.
దానికి నేను నేర్పిందేం లేదు.

చెంగమ్మ స్టూలు మీద కూర్చోని
ఒక చెంచా తినింది. నమిలింది.
ఏమీ అనలేదు.
రెండో చెంచా అంచు నుంచి తీసింది,
అలవాటు.
"నడుమ తిను" అన్నాను.
"ఈసారి ఎవరి పేరూ రాయలేదు."

చెంచా పక్కన పెట్టి
సంచీలో నుంచి సుగర్ మిషను తీసింది.
"తిన్న రెండు గంటలకి గదా?"
"నాకు కాదు. చెయ్యి తే."
"నాకేముండాది మేయ్?"
"ముప్పై ఒక్క ఏండ్ల గిన్నెలుండాయి."

చిటికెన వేలే పట్టుకుంది.
సూది చీమంత.
నెత్తురు చుక్క
కేకు మీది చెర్రీలో ముక్కంత కూడా లేదు.

మిషను తనలో తాను లెక్కపెట్టుకుంటా ఉంది,
ఐదు, నాలుగు...
చల్లారుతున్న ట్రే
టక్కుమని ఒకసారి చప్పుడు చేసింది.
ఇద్దరం అటు చూసినాం.

ఆపాటికి అంకె వచ్చే ఉంటుంది.
ఎవరమూ
ముందుగా ఇటు తిరగలేదు.